కాప్రాలో కంప్యూటర్ గది చూడ్డానికి వెళ్లిన రోజు

మా అల్వాల్ కాలనీకి ఆరు పాత కంప్యూటర్లు ఉచితంగా ఇస్తామని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు ముందుకు రావడంతో ఈ ప్రయాణం మొదలైంది. వాళ్ల షరతు ఒక్కటే. బడి పిల్లలకే కాకుండా చదువు మధ్యలో ఆపేసినవాళ్లకు, ఇంట్లో ఉండే ఆడవాళ్లకు, రిటైరైనవాళ్లకు కూడా ఉపయోగపడేలా ఒక ప్లాను తయారు చేసి చూపించాలి. వీధికో కోచింగ్ సెంటరు వెలుస్తున్న రోజులవి. కాలనీలో ఎవరిని కదిపినా అబ్బాయి జావా నేర్చుకుంటున్నాడనే మాటే. అయినా మూడు మీటింగులు అయ్యేసరికి మా కమిటీ తేల్చింది గదికి ఏ రంగు వేయాలన్నది మాత్రమే. చివరికి ప్రెసిడెంటు ప్రకాశరావు గారు విసుగెత్తి, కాప్రాలో ఒక కాలనీ వాళ్లు ఏడాది కిందటే ఇలాంటి గది పెట్టారట, వెళ్లి చూసొచ్చి వాళ్ల ప్లానే దించేయమని నాకు పురమాయించారు. మాది బొబ్బిలి వైపు. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. కమిటీలో ఆడవాళ్ల తరఫున పేరుకు నేనొక్కదాన్నే ఉన్నాను కాబట్టి, ఆఫీసుకు సెలవు పెట్టి బయల్దేరాను.

తోడుగా భాగ్యమ్మ వచ్చింది. మా కమ్యూనిటీ హాలు పక్కన టైలరింగ్ షాపు ఆమెదే. మా కాలనీ పొలాలుగా ఉన్నప్పటి నుంచీ వాళ్లది అల్వాలే. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, పెళ్లయి, పిల్లలు కాస్త పెద్దయ్యాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. లెక్కల్లో తప్పింది. పది పాసైతే అంగన్‌వాడీ టీచరు పోస్టుకు పెట్టుకోవచ్చు, కానీ ఇంకో రెండేళ్లు పోతే దానికి వయసు దాటిపోతుంది. కంపెనీ వాళ్లు మాకు నమూనాగా ఇచ్చిన సీడీలో పదో తరగతి లెక్కల పాఠాలు తెలుగులో ఉన్నాయని విన్నప్పటి నుంచీ ఆమె నన్ను వదలడం లేదు. నెట్ సెంటరుకు వెళ్లమంటే, అక్కడన్నీ కాలేజీ పిల్లలే, సిగ్గేస్తుందంది. పెళ్లిళ్ల సీజన్లో షాపు మూసి నాతో వస్తానన్నప్పుడే ఆమెకు ఇదెంత ముఖ్యమో నాకు అర్థం కావలసింది.

ఉదయం తొమ్మిదికి బస్టాపుకు వెళితే పది దాటాక బస్సు వచ్చింది. అందులో కాలు పెట్టే చోటు లేదు. సికింద్రాబాద్ స్టేషను దగ్గర దిగి, నడిచి రెజిమెంటల్ బజార్‌కు వెళ్లాం. అక్కడ పాత ఆఫీసు ఫర్నిచర్ అమ్మే ఒకాయన ఆరు టేబుళ్లు సిద్ధంగా ఉంచానని ఫోన్లో నమ్మకంగా చెప్పాడు. తీరా చూస్తే ఉన్నవి రెండు, అందులో ఒకటి కాలు కుంటిది. మిగతావి రేపు వస్తాయని, జెర ఓపిక పట్టమని, టీ తాగి వెళ్లమని అన్నాడు. ఆ రేపు అనే మాట వారం నుంచి వింటున్నాను. టీ వద్దని చెప్పి మళ్లీ స్టేషను దగ్గరికి వచ్చి, ఈసీఐఎల్ వెళ్లే బస్సెక్కాం. టికెట్టు పది రూపాయల లోపే. ట్రాఫిక్ లేకపోతే ముప్పావు గంట అంటారు. మాకు గంటకు పైనే పట్టింది.

ఈసీఐఎల్ చౌరస్తాలో ఆటోవాళ్లెవరూ మీటరు వేయలేదు. ఒకాయన ముప్పైకి ఒప్పుకుని కాప్రా చెరువు వైపు తీసుకెళ్లాడు. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ కాలనీ పేరుతోనే ఫేజ్ వన్, టూ, త్రీ ఉన్నాయని. మూడింట్లోనూ తిప్పాడు.

"ఏ ఫేజో అడుక్కొని రావాలె గదమ్మా. నాకు సుత తక్లీఫే, మీకు సుత తక్లీఫే" అని ఇంకో పది రూపాయలు తీసుకున్నాడు. కోపం వచ్చింది గానీ అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు.

హాలు ముందు పాలరాతి పలక మీద దాతల పేర్లు, ప్రారంభించిన పెద్దల పేర్లు చెక్కి ఉన్నాయి. తలుపుకు తాళం. పక్కనే గోడ మీద రంగుతో టైమ్‌టేబుల్ రాశారు. మధ్యాహ్నం రెండు నుంచి మహిళలకు, సాయంత్రం విద్యార్థులకు, ఆదివారం పెద్దలకు. అప్పుడు సరిగ్గా రెండు దాటింది. సెక్రటరీ గారికి ఫోను చేస్తే ఐదు నిమిషాల్లో వస్తానన్నారు. మేం మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, నీళ్లు తాగి, రెండోసారి ఫోను చేసి, మూడోసారి కూడా చేశాక, గంటకు పైగా గడిచాక ఆయన నిద్ర మొహంతో స్కూటర్ మీద వచ్చారు. ఈలోగా హాలు వాచ్‌మన్ భార్య లక్ష్మి మాకు నీళ్ల చెంబు తెచ్చిచ్చి మాటల్లో పడింది. గది పెట్టిన కొత్తలో తనూ పక్కింటి ఇద్దరూ రెండు రోజులు ఆ టైముకే వచ్చారట. రెండు రోజులూ తాళమే ఉందట. మూడో రోజు రాలేదట.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాం. గది చల్లగా, శుభ్రంగా, ఎవరూ ఎప్పుడూ కూర్చోని ఇల్లులా ఉంది. కంప్యూటర్లకు ప్లాస్టిక్ కవర్లు, మానిటర్ల మీద ప్రారంభం నాటి పసుపు కుంకుమ బొట్లు. పిల్లలు గేములు ఆడుతున్నారని సాయంత్రం బ్యాచి ఆపేశామని సెక్రటరీ గారు చెప్పారు. మరి మహిళలు అంటే, ఇంటి పనితోనే సరిపోతుంది, ఎవరూ రారన్నారు. లక్ష్మి గుమ్మం బయటే నిలబడి ఉంది.

భాగ్యమ్మ సంచిలోంచి సీడీ తీసి, ఒక్క పాఠం చూపించమని అడిగింది. ఆయన ఒక కంప్యూటరు కవరు తీసి, కుర్చీ నా వైపు జరిపారు.

"మీరు కూర్చోండి మేడమ్. ఆమె వెనక నిలబడి చూస్తుందిలే. అలవాటు లేనివాళ్లు చెయ్యి పెడితే, పాడైనాక ఎవరు జవాబు చెప్పాలి?"

భాగ్యమ్మ సీడీని మళ్లీ సంచిలో పెట్టుకుని వెళ్లి వరండాలో నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచి బస్సు, టేబుళ్లు, ఆటో, తాళం, అన్నీ కలిసి ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"అలవాటు లేనివాళ్ల కోసమే కదండీ ఈ గది పెట్టింది?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. ఏడాదిలో ఒక్క మౌస్ కూడా పాడవలేదని, కావాలంటే చూసుకోమని అన్నారు. ఆ మాట గర్వంగానే అన్నారు. దండం పెట్టి బయటికి వచ్చేశాను.

చౌరస్తా దాకా షేర్ ఆటోలో వచ్చాం. మనిషికి ఐదు రూపాయలు. దారిలో భాగ్యమ్మ నెమ్మదిగా అంది. "నాకొద్దు అక్కా. పిల్లలకే ఉంచుండ్రి. ఈ వయసుల నాకెందుకు గీ పరేషాన్."

ఆయన మీది కోపం ఆమె మీదికి మళ్లింది. షాపు మూసుకుని ఇంత దూరం వచ్చి ఒక మనిషి మాటకు వెనక్కి తగ్గుతావా అని గట్టిగానే అన్నాను. ఆటోలో వాళ్లు తిరిగి చూశారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సెక్కబోయే ముందు ఎదురుగా ఒక నెట్ సెంటరు బోర్డు కనిపించింది. గంటకు పదిహేను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. ఈసారి కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, నేను స్టూలు లాక్కున్నాను. మొదటి సిస్టమ్‌లో సీడీ డ్రైవు తెరుచుకోలేదు. రెండోదాంట్లో పాఠం మొదలయ్యాక కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదటి నుంచి. చక్రవడ్డీ పాఠం. మౌస్ పట్టుకున్న ఆమె చెయ్యి మొదట బిగుసుకుపోయి ఉంది. ఒకసారి చూసింది, వెనక్కి జరిపి రెండోసారి, మళ్లీ మూడోసారి. పక్క క్యాబిన్లలో కాలేజీ పిల్లలు ఒక్కరు కూడా మా వైపు చూడలేదు.

"గింతేనా అక్కా గిది" అంది చివరికి. సీడీ తీసి సంచిలో పెట్టుకుంటూ, "బడి సార్‌ను మల్ల మల్ల అడగాల్నంటె భయమైతుండె. గిదైతే విసుక్కోదు" అంది.

సాయంత్రం మీటింగులో చూసిందంతా చెప్పాను. ప్రకాశరావు గారు శ్రద్ధగా విని, సరే, ముందు ఒక పెద్ద మనిషి డేటు తీసుకుని ప్రారంభోత్సవం చేద్దాం, యంత్రాలు వచ్చినా అప్పటిదాకా భద్రంగా తాళం వేసి ఉంచుదామన్నారు. ఇంత తిరిగి వచ్చింది ఇది వినడానికా అని నేను తల పట్టుకున్నాను. ఎప్పుడూ హాలు గుమ్మం దాటి రాని భాగ్యమ్మ ఆ రోజు లోపలికి వచ్చింది.

"నా షాపు పక్కన్నే ఉంది సార్. పొద్దుగాల నేను తెరుస్త, పొద్దూకినంక మూస్త. ఏమన్న ఖరాబైతే నన్నడుగుండ్రి. డేటు దొరికేదాంక నా పరీక్ష ఆగదు."

చాలాసేపు వాదన జరిగింది. ఆమెకేం తెలుసని ఒకరు, ఆమెకు మన కమిటీలో సభ్యత్వమే లేదని ఇంకొకరు. చివరికి రిబ్బను లేకుండా రెండు కంప్యూటర్లు మాత్రం తెరవడానికి ఒప్పుకున్నారు. అదే ప్లానుగా రాసిస్తే కంపెనీ వాళ్లు ఆరూ పంపారు. మిగతా నాలుగు డేటు కోసం ఆగాయి. ఇది రాస్తున్న రోజుకు కూడా ఆగే ఉన్నాయి.

భాగ్యమ్మ ఆ ఏడాది లెక్కల పరీక్ష గట్టెక్కింది. అంగన్‌వాడీ పోస్టుకు దరఖాస్తు పెట్టింది, వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆ రెండు కంప్యూటర్లలో ఒకటి ఇప్పటికే రెండుసార్లు రిపేరుకు వెళ్లింది. కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయాయి. ప్రకాశరావు గారు నన్ను చూసినప్పుడల్లా ఆ సంగతి ఎత్తుతారు, నేను వింటాను. ఆయనకు జవాబు చెప్పాలంటే నాకింకా విసుగే వస్తుంది గానీ, మధ్యాహ్నం పూట ఆ గది ముందు విడిచి ఉన్న చెప్పులు చూస్తే, ఎందుకో ఆ విసుగు ఇంటిదాకా రాదు.

మీ కాలనీలో కూడా ఇలాంటిది పెట్టాలనుకుని ఎక్కడికైనా చూడ్డానికి వెళితే, ఒక్క మాట గుర్తుంచుకోండి. ముందుగా ఫోను చేయకండి. గోడ మీద ఆడవాళ్లకని ఏ టైము రాసి ఉందో కనుక్కుని, చెప్పాపెట్టకుండా ఆ టైముకే వెళ్లండి. లోపల మనుషులుంటే కూర్చుని మాట్లాడండి. తాళముంటే, ఐదు నిమిషాలు కూడా ఆగకుండా తిరుగు బస్సెక్కండి.