అందరిలో అన్న మాట

వన్ టౌన్‌లో మా చర్చి పాటల బృందానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఆదివారం ఏ కీర్తనలు పాడాలో అందులోనే మాట్లాడుకుంటాం. అడ్మిన్‌ని నేనే. చిన్నప్పుడు నాకు పాట నేర్పిన మాస్టారు కూడా అందులో ఉండేవారు. మేం పాడింది పెట్టినప్పుడల్లా కింద ఏదో ఒకటి రాసేవారు. పాటని మరీ పరుగెత్తిస్తున్నారనో, ఫలానా చోట ఊపిరి తీసుకోమనో.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకరోజు మంగళగిరి బస్సులో నిలబడి, చెమటలు కక్కుకుంటూ వెళ్తుంటే ఆయన మెసేజ్ వచ్చింది. కొత్త డ్రమ్స్ మోతలో పాట మాటలు వినపడటం లేదట. ఒళ్ళు మండింది. "మీ రోజులు అయిపోయాయి సార్, ఇక మమ్మల్ని పాడుకోనివ్వండి" అని పెట్టేశాను. కుర్రాళ్ళంతా వరసగా నవ్వే బొమ్మలు పెట్టారు. వాటిని చూసి నేనూ నవ్వుకున్నాను, దాచడం దేనికి?

మా వైపు పెద్దవాళ్ళకి తప్పు చెప్పాల్సి వస్తే పక్కకి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి చెబుతాం. ఎదురుగా ఉంటే ఆయన ముందు నా నోరు పెగిలేది కూడా కాదు. ఫోనులో ఆయన మొహం కనపడలేదు, అంతే.

ఆ తర్వాత ఆయన గ్రూపులో ఏమీ రాయలేదు. ఆరాధనకి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. రెండు వారాలకి ఉండబట్టలేక ఇంటికెళ్ళి క్షమించమన్నాను. కోప్పడలేదు. కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అక్కడ అరవై మందిలో అన్నావమ్మా. ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను కదా."

గ్రూపులోనే రాస్తానని మాటిచ్చి వచ్చాను. రాయలేదు. టైప్ చేసేదాన్ని, ఆ నవ్విన కుర్రాళ్ళ ముందు చులకనైపోతానని చెరిపేసేదాన్ని. క్రిస్మస్ హడావుడి తగ్గాక చూద్దామనుకున్నాను. తర్వాత ఈస్టర్ వెళ్ళనీ అనుకున్నాను. వేసవిలో మాస్టారు పోయారు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు అంతా రాశాను. నేనన్న మాట మళ్ళీ రాసి, తప్పు నాదేనని, ఆయన చెప్పింది నిజమేనని. ఈసారి ఎవరూ బొమ్మలు పెట్టలేదు. సాయంత్రం ఆయన నంబరు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు మాస్టారి భార్యది.

"రోజూ ఫోను తీసి చూసుకునేవారమ్మా, నువ్వేమన్నా రాశావేమోనని. కళ్ళు ఆనని రోజుల్లో నన్ను చూడమనేవారు. ఇంకా లేదండీ అని నేనే చెప్పేదాన్ని."