పత్తితో తుడిచిన ఇంజన్

మా బాబాయి ముందు తిట్టి, తర్వాత పని నేర్పే మనిషి. పక్షవాతం వచ్చాక ఆ తిట్లు ఆగిపోయాయి. నెలల తరబడి ఒక్క మాట లేదు.

ఆ రోజు వాళ్ల వాకిట్లో ఆయన బండి ఇంజన్ విప్పాను. జిడ్డు భాగాలను డీజిల్‌లో కడిగి, వసారాలో పోసిన కొత్త పత్తిలోంచి గుప్పెడు తీసి తుడుస్తున్నాను. మంచం మీంచి చూస్తున్న బాబాయి పెదాలు కదిలాయి.

"ఒరేయ్... పత్తితోనా? పీచు... ఇరుక్కుద్దిరా. పాత లుంగీ... తే."

పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నారురా?"

"తిట్టాడు పిన్నీ. పాత లుంగీ కావాలంట."

ఆవిడ ద్వారబంధం పట్టుకుంది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "లుంగీ ఇవ్వను. నువ్వు పత్తితోనే తుడువు" అంది.

నేను ఇంకో గుప్పెడు పత్తి తీసుకున్నాను.