మూడోసారి డోలీ కట్టిన రోజు

మా చిన్నప్పుడు... అనంతగిరి కొండల్లోని మా గూడెం నుంచి జీపులు ఆగే రోడ్డుకి దిగాలంటే గంటన్నర నడక. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ దారిలో మా అమ్మని డోలీలో మోసుకెళ్ళారు... ఒకసారి కాదు, మూడుసార్లు!

వలిసె చేలు పూసే చలికాలం. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉండేది. పొద్దున్నే మంచు చూరు దాకా దిగొచ్చేది... అమ్మకి నెలలు నిండాయి.

మొదటిసారి అమ్మ పొయ్యి దగ్గర అంబలి కాస్తుండగా నొప్పులు మొదలయ్యాయి. మామ్మ, అంటే మా అయ్య వాళ్ళమ్మ, వీధిలోకొచ్చి ఒకటే కేక. "ఒరే, బేగి రండిరా!"

ఆ తొందరకి కారణం ఉంది. అంతకు రెండేళ్ళ ముందు ఆ దారిలోనే, రోడ్డు చేరకముందే, నాకో తమ్ముడు పుట్టాడు. బతకలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు గానీ, ఎవరూ మర్చిపోలేదు...

అయ్య, ఇంకో ముగ్గురు వెదురు గడకి దుప్పటి కట్టి అమ్మని ఎత్తుకున్నారు. చీరల మూట పట్టుకుని వెనకాల నేను. తీరా వాగు దాటేసరికి నొప్పులు ఆగిపోయాయి. అమ్మ దుప్పట్లోంచి తల బయటపెట్టి, అప్పుడే నిద్ర లేచినదానిలా చుట్టూ చూసింది.

"ఏటైంది?" అన్నాడు అయ్య.

"ఏటీ లేదు... పోనాది," అంది అమ్మ, సిగ్గుపడుతూ.

అయినా రోడ్డు పక్క క్వార్టర్‌లో ఉండే నర్సమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పొట్ట మీద గొట్టం పెట్టి విని, ఇంకా టైముంది, ఇంటికెళ్ళమన్నారు.

రెండ్రోజులకి మళ్ళీ అదే కథ. మళ్ళీ డోలీ, మళ్ళీ వాగు దాటగానే మాయం... ఈసారి నర్సమ్మగారు అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "బిడ్డ బాగా తిరుగుతోంది, ఉమ్మనీరు పోలేదు. ఇవి వచ్చి పోయే నొప్పులు. తిను, పడుకో, ఒంట్లో బలం దాచుకో. నడిచినా పడుకున్నా ఆగకుండా దగ్గరదగ్గరగా వస్తే మాత్రం వచ్చెయ్యి. ఎన్నిసార్లు వచ్చినా నేను విసుక్కోను."

ఇంటికొచ్చేటప్పుడు అమ్మ డోలీ ఎక్కనంది. చెట్టుచెట్టుకీ ఆగుతూ కొండెక్కింది. డోలీ మోసిన సన్యాసి చిన్నాన్న, "వదినా, సంతకెళ్ళాలని సరదా పుట్టిందేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. కానీ ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది...

తర్వాత మూడు రోజులూ ఇప్పుడు తలుచుకుంటే కలలా ఉంటాయి. నొప్పులు మధ్యాహ్నం వచ్చేవి, పొద్దు వాలేసరికి పోయేవి. మామ్మ అమ్మ నడుం మీద వేణ్ణీళ్ళు పోసేది, గంజిలో ఉప్పేసి తాగించేది. నొప్పొచ్చినప్పుడు అమ్మ గుమ్మం పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ 'ఊఁ...' అని సన్నగా మూలిగేది. పాడుతోందేమో అనుకునేదాన్ని. తగ్గాక ఎండలో చాప మీద ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకునేది. నేను పొట్టకి చెవి ఆనించి పడుకునేదాన్ని... లోపలినుంచి ఒక చిన్న తాపు!

నాలుగో రోజు పొద్దున్న అమ్మా నేనూ వాకిట్లో కూర్చుని చాటలో కాఫీ గింజలు ఏరుతున్నాం. ఏదో చెబుతూ చెబుతూ అమ్మ మాట మధ్యలో ఆగింది. వేళ్ళు గింజల మీదే ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ... ఇంకాసేపటికి మళ్ళీ.

నేను చూడటం చూసి నా చెయ్యి పట్టుకుంది. "మామ్మకి సెప్పకు గుంటా. ఎలాగూ ఆగిపోతాయి. మళ్ళీ నలుగురి పని సెడగొట్టి నవ్వులపాలవడం నావల్ల కాదు."

సరేనని తలూపాను. అమ్మ లేచి నడిచింది. ఆగలేదు. చాప మీద పడుకుంది. ఆగలేదు. నుదుటి మీద చెమట... ఆ చలిలో!

అమ్మకి ఇచ్చిన మాట ఒకపక్క, నర్సమ్మగారి మాట ఒకపక్క. లేచాను.

"ఎక్కడికే?"

"నీళ్ళకి," అని అబద్ధమాడి కాఫీతోట దాకా ఒకటే పరుగు. "అయ్యా... అమ్మకి ఆగట్లేదు!"

అయ్య బుట్ట అక్కడే పడేశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికంటే ముందు పరిగెత్తింది సన్యాసి చిన్నాన్నే.

డోలీలో పడుకోబెడుతుంటే అమ్మ నావైపు కోపంగా చూసింది. "సెప్పొద్దన్నానా..." అంతే, నొప్పి మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

నర్సమ్మగారి మెట్ల మీద కూర్చుని మోకాళ్ళలో తల దాచుకున్నాను. ఎంతసేపో తెలీదు... లోపల కేర్‌మని ఏడుపు.

నర్సమ్మగారు బయటికొచ్చి, "మగపిల్లాడు. పేగు మెడకి చుట్టుకుని వచ్చాడు, తప్పించాను. దారిలో అయ్యుంటే కష్టమయ్యేది," అన్నారు. అయ్య అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాడు. అయ్య ఏడవడం అప్పుడే చూశాను.

తర్వాత అమ్మ నన్ను లోపలికి పిలిచింది. తిడుతుందని భయపడుతూ వెళ్ళాను. నా తల నిమిరి, "నీకు మాట దాసడం రాదే గుంటా," అంది. నవ్వుతూనే ఉంది... కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మా గూడేనికి రోడ్డొచ్చింది. ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చేస్తుంది. ఎవరి భుజాలూ కాయలు కాయక్కర్లేదు. ఎంత మంచిదో! కానీ ఏ ఇంట్లో ఎవరికి నెలలు నిండాయో అప్పట్లో గూడెమంతటికీ తెలిసేది... మొన్న వెళ్తే, నాలుగిళ్ళ అవతల కోడలికి బిడ్డ పుట్టిన సంగతి ఫోన్లో ఫోటో వచ్చాకే తెలిసిందని చెప్పింది అమ్మ.

మీరు పుట్టిన రోజు ఏం జరిగిందో మీ అమ్మనో, అమ్మమ్మనో ఎప్పుడైనా అడిగారా? అడిగి ఇక్కడ రాయండి... చెప్పేవాళ్ళు ఉండగానే.