కొండ గేటు తాళం

రాష్ట్రాన్ని విడదీయొద్దని ఆఫీసులన్నీ మూతపడిన సంవత్సరం అది. గజపతినగరం అవతల కొండెక్కే దారికి అడ్డంగా అటవీ శాఖ గేటు ఉండేది. ఆ శాఖ ఆఫీసులో నేను గుమస్తాని. సమ్మె మొదలైన రోజు ఆ గేటుకి తాళం వేసింది నేనే. తాళంచెవి జేబులో వేసుకుని అందరికంటే గట్టిగా నినాదాలిచ్చాను. అదో పెద్ద ఘనకార్యం అనుకున్నాను.

నాకు ఆ కొండని అలవాటు చేసింది మా అక్క మొగుడు. నా పదో ఏట నుంచీ ఆదివారమొస్తే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు మూటకట్టి నన్ను పైకి తీసుకెళ్లేవాడు. బండమీద కూర్చుని రాయగడ రైలుకి ఎన్ని పెట్టెలో లెక్కపెట్టేవాళ్లం. ఇద్దరి లెక్కా ఏనాడూ కలవలేదు.

సమ్మె మూడో వారంలో బావ గేటు దగ్గరికొచ్చాడు. కడుపులో గడ్డ ఉందని అప్పటికే తేలింది, వారంలో ఆపరేషన్. ఆ తర్వాత కొండలెక్కడం మర్చిపొమ్మని డాక్టరు చెప్పేశాడు. బావ చేతిలో ఆ మూటే ఉంది.

"ఒరే, ఒక్కపాలి తాళం తీరా. రైలు సూసొచ్చేద్దాం."

"సమ్మె కదా బావా. తీస్తే మావోలు నన్నేటనుకుంటారు? రేపో మాపో అయిపోద్ది. అప్పుడెల్దాం."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఆ పూజారిని నేనే. బావ మూటలోంచి దోసెడు కాయలు నా చేతుల్లో పోసి వెళ్లిపోయాడు. సిగ్గులేకుండా అక్కడే నిలబడి తినేశాను.

ఆపరేషన్ తర్వాత బావ మంచం దిగలేదు. ఆయన పెద్దకర్మ అయిన నాలుగో రోజున సమ్మె ఆగింది. గేటు తీయడానికి వెళ్లాను. పక్కన కంచె వంగిపోయి మనిషి పట్టేంత సందు ఉంది. సమ్మె రోజుల్లో ఆవులూ కట్టెలమోపులూ అటే పోయినట్టున్నాయి, దారి నున్నగా అరిగిపోయింది. నా తాళం ఎవర్నీ ఆపలేదు, ఒక్క మా బావని తప్ప.

అక్క దగ్గరికి వెళ్లి ఏడ్చాను. ఆ సందు సంగతి తెలిసుంటే బావని అటైనా తీసుకెళ్లేవాణ్ణన్నాను.

అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ సందు మీ బావకి తెలుసురా. అటెల్లమని నానే సెప్పాను. 'ఆడేసిన తాళం, నాను పక్కనించి దూరితే ఆడికి మాటొస్తాది' అన్నాడు."