వంపు దగ్గర ఇల్లు

నిన్న పొద్దున రోడ్డు వెడల్పు కోసం కొలతల వాళ్లు వచ్చి మా అక్క ఇంటి పక్కగోడ మీద ఎర్ర రంగుతో నిలువుగా గీత గీసి పోయారు. నేను వెళ్లేసరికి రంగు ఇంకా ఆరలేదు, కిందికి కారుతోంది. గీతకు రోడ్డు వైపున్నదంతా కూలుస్తారు. అంటే ముందుగది పోతుంది. అక్క కాపురానికి వచ్చిన నాటి నుంచి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టిన గది అది. గీత ఎక్కడుందో చూసి నేను ఆశ్చర్యపోలేదు. నన్ను భయపెట్టింది అదే. ఆ చోటు నాకు ముందే తెలుసు.

పోయిన వానాకాలం ఆ ఇంటి మేడగదిలోనే మేం ముగ్గురం, అంటే బావ, రేడియోలు బాగుచేసే భాయ్, నేను, బల్లల మీద మా ఊరు బాన్సువాడ నమూనాను కట్టాం. అసలు రైలు బోధన్ దాకా వచ్చి ఆగిపోయింది గనక, భాయ్ కొనుక్కొచ్చిన బొమ్మ రైలునైనా మన ఊళ్లో తిప్పాలని బావ పంతం. రైలొక్కటే అబద్ధం, తక్కినదంతా ఉన్నదున్నట్టు ఉండాలని నేను నియమం పెట్టాను. సర్వేయరు ఉద్యోగం పోయినా కొలిచే అలవాటు పోలేదు. టేపు పట్టుకుని బజారులో తిరుగుతుంటే దుకాణాల వాళ్లు, "ఏం సారూ, మా దుకాణం కూలగొడ్తరా ఏంది?" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. రంపపు పొట్టుకు పచ్చరంగు కలిపి వరిపొలాలు చేశాం. అగరుబత్తి పుల్లలు దూలాలయ్యాయి. బావ తన ఇంటిని పెళ్లిపత్రికల అట్టతో తానే కట్టుకున్నాడు. కప్పుకు అక్క బీడీలు చుట్టే తునికాకును గోరంత పెంకులుగా కత్తిరించి ఇచ్చింది. గదంతా జిగురు వాసన, ఆకు వాసన.

చిక్కు వంపు దగ్గర వచ్చింది. బొమ్మ రైలు బజారు మూల తిరిగినప్పుడల్లా చివరి పెట్టె బావ ఇంటి ముందుగదికి తగిలి పడిపోయేది. రైలు పట్టా జరుపుదామంటే అవతల కాలువ. భాయ్ మోకాళ్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు.

"ముందర అర్ర కోస్తే పోతది బావా. పట్టాకేం ఫికర్ లేదు."

నా నియమం గుర్తుచేశాను. "ఇల్లు నాది, కొలత నీది. నువ్వు ఊకో బామ్మర్దీ," అంటూ బావ బ్లేడు తీశాడు. అప్పుడే చాయ్ తెచ్చిన అక్క గుమ్మంలో ఆగిపోయింది.

"బతుకుతున్న ఇంటికి బ్లేడు పెడ్తరా ఎవలన్న? తమ్మీ, నువ్వన్న జెప్పరాదు?"

"అట్ట ఇంటికి నొప్పి పుడ్తదా," అన్నాడు బావ. ముందుగది ఊడి వచ్చింది. బండి సాఫీగా తిరిగింది. మేం చప్పట్లు కొట్టాం. అక్క చాయ్ గ్లాసులు గుమ్మం దగ్గరే పెట్టి దిగిపోయింది. ఆ రోజు డైరీలో 'వంపు సరిచేశాం' అని మాత్రమే రాసుకున్నాను.

నిన్న గోడ మీది గీత సరిగ్గా ఆ బ్లేడు పడిన చోటే ఉండడం చూశాక మేడ ఎక్కాను. భాయ్ అప్పటికే వచ్చి రైలు స్విచ్చు పక్కన కూర్చుని ఉన్నాడు. బావ ఎక్కడ దాచాడో గాని, ఆ కోసిన గదిని తెచ్చి ఇంటికి మళ్లీ అతికిస్తున్నాడు. బొటనవేలితో గట్టిగా నొక్కాడు. పెంకులు రెండు రాలాయి. అక్క వాటిని వేలి కొసతో ఎత్తి ఇచ్చింది.

జిగురు ఆరింది. అతుకు కనబడుతూనే ఉంది.

"నడుపు," అన్నాడు బావ.

భాయ్ స్విచ్చు మీది నుంచి చెయ్యి తీసేశాడు. "నాతోటి గాదు బావా."

బొమ్మ రైలు బల్ల అవతలి కొసన, స్టేషన్‌లో ఆగి ఉంది. దానికీ ఇంటికీ మధ్య వంపొక్కటే. రెండో పట్టా కోసం పోయిన వానాకాలమే నేను బల్ల మీద పెన్సిలుతో వేసిన గీత ఆ వంపు దగ్గరే మొదలై, మా వీధి మీదుగా, నా వాకిట్లోంచి పోతుంది. రబ్బరు తీసుకుని చెరిపాను. పెన్సిలు పోయింది గాని, నొక్కిన గాడి చెక్క మీద అలాగే ఉంది. కాలం చప్పుడు లేకుండా ముందే కొలతలు తీసుకుని పోతుంది. ఎర్ర రంగు కారినప్పుడు గాని అది వచ్చి వెళ్లిందని మనకు తెలియదు.