రిజిస్టర్‌లో పొడపత్రి

"ఎవరండీ ఈ పొడపత్రి? మాక్ డ్రిల్‌కి అందరూ కిందికొచ్చారు, ఈయనొక్కడే లోపల మిగిలిపోయాడు!"

"జర ఆగుండ్రి సార్. ఆయన ఇప్పట్ల రాడు."

"రాడంటే? నిజంగానే నిప్పంటుకుంటే?"

"నాతోనే బయటికొస్తడు సార్."

కొండాపూర్‌లోని ఆ ఐటీ టవర్ గేటు దగ్గర మేనేజరు వెంకటరామయ్యకూ గార్డు కొమురయ్యకూ నడుస్తున్న ఈ గొడవ, తొమ్మిది అంతస్తుల్లో "పొడపత్రి సార్!" అని ప్రతి తలుపూ కొట్టి రొప్పుతూ దిగిన ఓంకార్ చెవిన పడింది. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి వారం కిందటే గార్డుగా చేరాడతను. ఏమీ అర్థంకాక రిజిస్టర్ లాక్కున్నాడు.

పేరు: పొడపత్రి. ఎక్కడి నుంచి: మియాపూర్. ఎవరిని కలవాలి: కడుపును. లోపలికి: పది గంటలు. బయటికి: ఖాళీ.

"కాకా! ఇది మనిషి కాదు, ఆకు పొడి!"

"మనిషని నేనెప్పుడన్న?"

అదీ కొమురయ్య. రిజిస్టర్‌లో రాయనిదే గేట్లోకి మనిషినీ, నోట్లోకి మందునూ రానివ్వడు. ఉసిరి పొడి ఇరవై నిమిషాలుండి మర్యాదగా వెళ్లిపోయింది. త్రిఫల చూర్ణం ఒకసారి లోపలికొచ్చి మూడుసార్లు బయటికెళ్లింది. పొడపత్రి మాత్రం పొద్దుటినుంచీ చాయ్ బండి స్వామి ప్రాణం తీస్తోంది.

"మూడు చెంచాల చక్కెర ఏసిన కాకా! ఇంకా సప్పగున్నదంటవేంది?"

ఆ పొడి నాలుకకు తగిలితే కాసేపు తీపి తెలియదని స్వామికేం తెలుసు? తీపి తెలిసేదాకా పొడపత్రి లోపలున్నట్టేనని కొమురయ్య లెక్క.

"అయినా ఇన్ని పొడులు నీకెందుకయ్యా?" అన్నాడు వెంకటరామయ్య.

ఓంకార్ వేలు చివరి గడి మీద ఆగింది. 'ఎవరి తరఫున'. ఉసిరి: వాసంతి మేడం. త్రిఫల: వెంకటరామయ్య సార్.

"కడుపుకు మంచిదేనా అని మొన్న అడిగిన్రు గద సార్. ముందు నేను చూసిన."

మేనేజరుకు పైన అర్జెంటు పని గుర్తొచ్చింది.

పొడపత్రికెదురుగా హౌస్‌కీపింగ్ సక్కుబాయి పేరుంది. ఆమె డబ్బా పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. "అన్నా, నీకేం కాలే గద. ఇగ నేను మింగుత."

కొమురయ్య తలూపబోయాడు.

"ఆగు!" ఓంకార్ అడ్డొచ్చాడు. "అక్కకు షుగర్ గోలీలు నడుస్తున్నయ్. నీకు లేవు. నీ కడుపు ఖాళీ బిల్డింగ్ కాకా! గోలీ, పొడి రెండూ కలిసి షుగర్ గుంజితే మెట్ల మీదనే పడిపోతది. మా అమ్మకు గట్లనే అయితే దవాఖానకు ఉరికినం."

"అంటే... ఇన్ని దినాలు నేను మింగింది?"

"నీ కడుపు సంగతి తెలిసింది. అంతే."

కొమురయ్య ఆమె చేతిలోని డబ్బా తీసుకుని తన కుర్చీ కింద పెట్టాడు. "డాక్టరమ్మను అడిగేదాక ఇది గేటు దాటది. గోలీలు బంద్ చెయ్యకు చెల్లె."

"నా కోసం గంత చేదు మింగినవా అన్నా?"

"చేదుదేముంది, చాయే ఖరాబైంది."

అప్పుడు స్కేలూ పెన్నూ తెచ్చి ఓంకార్ చేతిలో పెట్టాడు.

"బిడ్డా, నువ్వు ఇంజనీరింగ్ దాక పోయినోనివి. ఇంకొక్క గడి సక్కగ గీసియ్యి. 'లోపల ముందుగాల్నే ఎవరున్నరు' అని రాయి."