కడగని బోటీ

ఆ రోజుల్లో బళ్ళారిలో ఉద్యోగమంటే జనం మొదట అడిగే మాట "మైనింగా, లారీలా?" అని. నేను మాత్రం మేక పేగు లోపలి పొరలో కాపలా కాసే కణాల మీద పనిచేస్తున్నానని చెప్పేదాన్ని. (ఇంట్లో 'పేగు' అనే మాట మింగేసి 'కణాలు' అని మాత్రమే. మాది బజారులో బెల్లం అంగడి, ఉల్లిపాయ కూడా వారం చూసుకుని తినే ఇల్లు.) ఆ కణాల ఒంటిమీదుండే ప్రోటీన్లను బట్టే ఏది ఏ రకమో తెలుస్తుంది. అలాంటి ఒక ప్రోటీన్‌కు అతుక్కుని ఆకుపచ్చగా మెరిసే మందు మా ల్యాబులో రెండుసార్లకు సరిపడా మిగిలింది. శుక్రవారంలోగా మెరుపు చూపించకపోతే నా పీహెచ్‌డీ సీటు ఇంకొకరికిస్తానని మా గైడ్ మేడమ్ చెప్పేసింది. సీటు పోతే ఇక బెల్లం అంగడే గతి.

బుధవారం పొద్దున్నే ఖనిజం లారీల వరస తప్పించుకుంటూ, ముఖానికి చున్నీ చుట్టుకుని (దుమ్ముకని జనం అనుకోవాలి) మటన్ అంగడికి పోయాను. పేగు కావాలనగానే అంగడి భాయ్ గొంతు గుర్తుపట్టి, శెట్ల పిల్ల మొదటిసారి వచ్చిందని మురిసిపోయి పనిలోకి దిగాడు. చూడలేక నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. పొట్లం విప్పితే పేగు ఉతికిన పంచెలా తెల్లగా ఉంది. ఎంత శుభ్రమో అని రెండుసార్లు దండం పెట్టాను. ల్యాబులో సగం మందు పోసి చూస్తే అంతా చీకటి. మేడమ్ పేగును వాసన చూసింది. "పసుపు వాసన యాడిదే? ఏడినీళ్ళలో ముంచి, లోపలిదంతా గీకించుకోని వస్తివి కదే! నీ కణాలు ఆ అంగడి మోరీలో ఉండాయి పో!" మాంసం తినే ఇంటి పిల్లయితే, వండుకునే పేగును బోటీ అంటారనీ, దాన్ని అట్లా గీకి కడిగిస్తారనీ పుట్టినప్పటినుంచీ తెలిసి ఉండేది. నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను.

మర్నాడు "కడగొద్దు భాయ్, ఉన్నదున్నట్టే ఇయ్యి" అంటే ఆయన కత్తి కింద పెట్టేశాడు. "కడగకుండా ఇచ్చేదా? మా నాయన కాలంనుంచీ ఈ అంగడికి ఒక పేరుండాదమ్మా!" లోపల కాపలా కణాలుంటాయనీ, వాటి ఒంటిమీద గుర్తులుంటాయనీ, గీకితే అన్నీ పోతాయనీ చెప్పుకొచ్చాను.

"అంటే, చెక్‌పోస్టు మాదిరి?"

"అట్లాంటిదే భాయ్."

"అయితే దుడ్లు తీసుకోని అన్ని లారీలనూ ఇడిసిపెడతాంటాయి!" అని నవ్వి, పేగును నాలుగు పేపర్లలో చుట్టి, అటూ ఇటూ చూసి నా ఐసు డబ్బాలో పెట్టాడు. "నేనిచ్చినానని ఎవురికీ చెప్పొద్దమ్మా, ఇజ్జత్ పోతాది."

"నేను కొన్నానని నువ్వూ చెప్పొద్దు భాయ్." సరేనని మాటిచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఒక్కో కణం చుట్టూ సన్నని ఆకుపచ్చ గీత వెలిగింది. "సీటు నీదేలే" అంది మేడమ్. పట్టలేని సంతోషం, చెప్పుకోవడానికి ఇంట్లో వీలు లేదు. నేరుగా భాయ్ దగ్గరికే పరిగెత్తి "మెరిసినాయి!" అన్నాను. "నా మేకవేనా?" అన్నాడు. అవునన్నదే ఆలస్యం, మాటిచ్చిన సంగతి మరిచి గిరాకీలందరి ముందూ చాటేశాడు: "ఇనండప్పా! శెట్రు పాప చదువుకు కడగని బోటీ ఇచ్చినా, అది మెరిసిందంట!"

నేను ఇల్లు చేరేలోగా ఆ వార్త మా అంగడికి చేరింది. తిట్లకు సిద్ధపడి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన బెల్లం అచ్చులు సర్దుతూ, తల ఎత్తకుండానే అడిగారు: "మెరిసినాయంట, నిజమేనా?"

నా చదువు గురించి నాన్న నన్నడిగిన ప్రశ్న జీవితంలో అదొక్కటే. భయంతో 'ఊ' అనేసి ఇంట్లోకి పారిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిరికిపిల్లను చూసి నవ్వొస్తుంది. కూర్చుని అంతా చెప్పి ఉంటే, నాన్న విని ఉండేవారు.